అడుగున్నర తూర్పుకి

మా తమ్ముళ్ళిద్దరికీ దేవుడు బుర్ర ఇచ్చాడు. కానీ ఒకడు వాడితే రెండోవాడు అందులో వాటా అడుగుతాడన్న భయంతో ఇద్దరూ దాన్ని వాడకుండా దాచుకున్నారు.

పెద్దవాడు శేషాద్రి, చిన్నవాడు ధనుంజయ. వాళ్ళిద్దరికంటే ముందు పుట్టిన అలమేలుని నేను. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో మా నాయన మునికృష్ణ నాయుడు పెట్టిన షెడ్డు ఒకటుంది. ట్రాక్టర్లకి దారి చూపే పెట్టెలు తయారుచేస్తాం. ఆ పెట్టె బిగిస్తే స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. డ్రైవరు చేతులు కట్టుకుని కూర్చున్నా ట్రాక్టరు తాడు పట్టినట్టు నేరుగా పోతుంది. నాయన పోయిన ఏడాదికే తమ్ముళ్ళు షెడ్డు మధ్యలో గోడ కట్టారు. పడమటి సగం శేషాద్రిది, తూర్పు సగం ధనుంజయది. అదే పెట్టె, రెండు పేర్లు, రెండు రంగులు. కొనడానికొచ్చినవాళ్ళు ఒకడి కోసం బయల్దేరి రెండోవాడి దగ్గర తేలేవాళ్ళు. అందుకోసం మళ్ళీ ఒక గొడవ.

గోడ ఎక్కడ రావాలా అని తాడు పట్టి చూస్తే అది సరిగ్గా నా బల్ల మీదుగా పోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర పనిచేస్తున్నాను. పెట్టెలు పరీక్ష చేసేది నేను, పొలాలకి పోయి బిగించేది నేను, రైతులు ఫోన్ చేస్తే ఎత్తేది నేను. తమ్ముళ్ళు బల్లని తీసుకుపోయి బాత్‌రూము పక్కన మెట్ల కింద వేశారు. "టెంపరవరీ గానే అక్కా" అన్నాడు శేషాద్రి. మా ఇంట్లో ఆ మాటకి అర్థం, నువ్వు అడగడం మానేసేదాకా అని.

ఇప్పుడు ఆ మెట్ల కింద చోటుకి కూడా ఎసరు వచ్చింది. ఇద్దరికీ బ్యాంకు లోన్లు రావాలంటే షెడ్డు రెండు భాగాలుగా రిజిస్టరు కావాలట, దానికి ఇంటి ఆడబిడ్డ సంతకం కావాలట. నాకు ఇందులో ఏ హక్కూ వద్దు అని విడుదల పత్రం రాసివ్వాలట.

"సుమ్మా ఒక సైను, అంతేనక్కా" అన్నాడు ధనుంజయ, కాఫీ తాగి పో అన్నంత తేలిగ్గా.

"పెడతాలేరా. నా బల్లా కుర్చీ పట్టేంత చోటు నా పేరున రాయండి, పెడతా" అన్నాను.

"అన్న సైడులో ఖాళీ ఉండాది గదా, ఆడ అడుగు."

శేషాద్రిని అడిగితే, "నా దాంట్లో యాడుండాదక్కా చోటు? వాడి సైడు చూడు, ఏసీ రూమే అంత పెద్దది" అన్నాడు.

నేను అడిగింది ఎకరాలు కాదు. ఒక మనిషి కూర్చుని పనిచేసేంత జాగా. అది రాయించుకోకుండా సంతకం పెడితే, మర్నాటి నుంచి నేను నా చేత్తో నిలబెట్టిన పనికే బయటి మనిషిని. యాభై రెండేళ్ళ వయసులో ఆ గేటు దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని అడగాలి. అదీ నా గొడవ. అంతకు మించి నాకు వీళ్ళతో పేచీ లేదు.

వాళ్ళు మాత్రం స్క్రూడ్రైవర్ల దగ్గర్నుంచి స్టూళ్ళ దాకా అన్నీ పంచుకున్నారు. పంచుకోడానికి వీల్లేకుండా మిగిలింది ఒక్కటే, మిద్దె మీది యాంటెన్నా.

దాని సంగతి కాస్త చెప్పాలి. చూడ్డానికి బోర్లించిన తెల్ల బేసినులా ఉంటుంది, ఇనప గొట్టం మీద బిగించి ఉంటుంది. ట్రాక్టరు నెత్తిన ఉండే చిన్న యాంటెన్నా ఉపగ్రహాల మాట విని తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. కానీ ఆ లెక్క బారెడు అటూ ఇటూ తప్పుతుంది. మిద్దె మీదిదానికి తానున్న చోటు ముందే ఖచ్చితంగా తెలుసు. కాబట్టి ఉపగ్రహాల లెక్క ఈ నిమిషాన ఎంత తప్పుతోందో దాని ద్వారా తెలుస్తుంది. ఆ తప్పుని మా షెడ్డులో ఇద్దరి దగ్గరా ఉన్న పెట్టెలు సిమ్ము కార్డు మీదుగా ట్రాక్టర్లకి చేరవేస్తాయి. అప్పుడు ట్రాక్టరు రెండు వేళ్ళ తేడాలో నడుస్తుంది. విత్తనం వేసిన గీతనే నెల తర్వాత కలుపు తీయడానికి మళ్ళీ పట్టుకుంటుంది. ఇంతటికీ ఆ తెల్ల బేసిను చేయాల్సిన ఉద్యోగం ఒకటే, కదలకుండా ఉండటం. మా వంశంలో ఉద్యోగం సక్రమంగా చేస్తున్నది అదొక్కటే.

రెండోది కొనుక్కోవచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు. కొనొచ్చు. కానీ ఎవడు కొంటాడు? కొన్నవాడు పాతదాని మీద హక్కు వదులుకున్నట్టు అవుతుంది కదా!

తగువు తీర్చడానికి కొండలరావు మామని పిలిచారు. మా మేనత్త భర్త. కాకినాడ నుంచి సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేయడానికి వచ్చాడు. సినిమాలు హైదరాబాదు తరలిపోయినా ఆయన మాత్రం కోడంబాక్కంలోనే ఉండిపోయాడు. అప్పట్నుంచి బంధువుల్లో ఎవరింట పంపకాలు జరిగినా టిఫిను వేళకి దిగుతాడు.

"చూడండబ్బాయ్, పల్లెటూళ్ళో అన్నదమ్ములు విడిపోతే బావిని కోసుకుంటారా? వంతులేసుకుంటారు. ఇదీ అంతే" అన్నాడు వడ తుంచుతూ.

తిరుత్తణి దగ్గర మా తాతలు బావి పంచుకున్నది అలాగే. అందుకని ఆ మాట తమ్ముళ్ళకి వేదవాక్కయింది. సోమ, బుధ, శుక్రవారాలు శేషాద్రికి, మంగళ, గురు, శనివారాలు ధనుంజయకి. ఆదివారం ఆకాశానికి సెలవు. వంతు కానివాడి ట్రాక్టర్లు ఆ రోజంతా పొలాల్లో గుడ్డిగా నిలబడేవి.

"బావిలో నీళ్ళయితే తోడితే తగ్గిపోతాయి మామా. ఇది ఆకాశం. ఇద్దరు విన్నా నలుగురు విన్నా తరగదు" అన్నాను.

"నీకెందుకమ్మా ఇవన్నీ, వాళ్ళు మగపిల్లలు చూసుకుంటారు" అని ఇంకో వడ తీసుకున్నాడాయన.

మగపిల్లలు చూసుకుంటే ఏమవుతుందో రైతుల ఫోన్లు నాకు చెబుతూనే ఉన్నాయి. చివరికి నేనే రిచీ స్ట్రీటుకి పోయి స్ప్లిట్టరు తెచ్చాను. యాంటెన్నా వైరు ఒక వైపు నుంచి లోపలికి పోతుంది, రెండు వైర్లు అవతలి వైపు నుంచి బయటికొస్తాయి, అంతే. చిన్న అగ్గిపెట్టెంత వస్తువు. ఇద్దరి పెట్టెలకీ ఒకేసారి సిగ్నల్ వచ్చింది. ఇక్కడితో పీడ విరగడయిందనుకున్నాను. కానీ ధనుంజయ ఇంజినీరింగు చదివాడు, అదే మా ఖర్మ.

"మూడు డెసిబెల్స్ పోతాయంటే సగం పోయినట్టక్కా! నా సిగ్నల్లో సగం అన్న తీసుకుంటా ఉండాడు!"

"ఒరే, యాంటెన్నా లోపలే దాన్ని పెంచి పంపే ఆంప్లిఫయరు ఉండాది. సగం పోయినా నీకు కావలసినదానికంటే ఎక్కువే మిగుల్తాది."

"అయినా సగం సగమే గదా?"

ఆ సగమైనా సరిసమానంగా వస్తోందా లేదా అని టేపు పట్టుకుని రెండు వైర్ల పొడవు కొలిచాడు మహానుభావుడు. ఆ తర్వాత కరెంటు తగువు. యాంటెన్నాకి కాస్త కరెంటు కావాలి. కింద ఉన్న రెండు పెట్టెల్లో ఏదో ఒకటి వైరు గుండా పైకి పంపాలి. దోమల బ్యాటు తినేంత కూడా తినదది. అయినా "నా కరెంటు వాడెందుకు తినాల?" అని ఇద్దరూ వద్దన్నారు. ఇచ్చేవాడు కావాలంటే ఆపేయొచ్చు కూడా అని తెలిసిన మరుక్షణం "నేనిస్తా" అంటే "నేనిస్తా" అని ఎగబడ్డారు. ఇద్దరినీ కాదని విడిగా ఒక అడాప్టరు పెట్టి ఆ పూటకి గండం గట్టెక్కించాను.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. అంటే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఇద్దరూ నాతోనే మాట్లాడేవాళ్ళు. "వాణ్ణి గేటు వెయ్యమని చెప్పక్కా", "అన్నని బండి తియ్యమని చెప్పక్కా". పెళ్ళిళ్ళకీ అంతే. ఒకడు పోయే చోటికి రెండోవాడు పోడు గనక ఇద్దరి తరఫునా నన్నే పంపేవాళ్ళు. రెండు చీరలు, రెండు పళ్ళేలు మోసుకుని పోయేదాన్ని. వాళ్ళకి బాకీ లేదు, నాకు విశ్రాంతి లేదు.

అప్పుడు సర్వేయరు వచ్చాడు. రిజిస్ట్రేషనుకి ప్లాను గీయాలి కదా. కింద గోడకి సరిగ్గా పైన మిద్దె మీద ఎర్ర రంగుతో ఉత్తరం నుంచి దక్షిణానికి గీత గీశాడు. గీశాక చూస్తే యాంటెన్నా గొట్టం ఆ గీత మీద లేదు. పడమటి వైపు, శేషాద్రి భాగంలో ఉంది. టేపు పట్టి కొలిచాడు. అడుగున్నర.

ధనుంజయ ముఖం మీద అప్పుడు కనిపించినంత బాధ నాయన పోయిన రోజు కూడా కనిపించలేదు.

"చూసినావా అక్కా? ఇన్నాళ్ళూ అన్న సైడులోనే ఉండాది! పొదువస్తువు, ఇద్దరిదీ అని చెప్పి నన్ను మోసం చేసినారు!"

శేషాద్రి లాటరీ తగిలినవాడిలా నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు.

మామ మళ్ళీ దిగాడు. ఈసారి పొంగలి. "దీనికింత రాద్ధాంతం ఏవిటయ్యా? గీత మీద పెట్టించండి. ఇద్దరికీ సమానం."

"మామా, దాన్ని ముట్టుకోవద్దు. అది ఈడుండాది అని లెక్కకట్టి పెట్టెల్లో రాసిపెట్టినాం. అది జరిగితే, దాని మాట వినే ట్రాక్టర్లన్నీ జరుగుతాయి. యాడో పొలంలో చేలు నాశనమైపోతాయి" అన్నాను.

"ఆలోచిద్దాంలేమ్మా" అన్నాడు మామ. మా ఇంట్లో ఆలోచిద్దాం అన్నారంటే ఆలోచన అక్కడితో అయిపోయిందని లెక్క. అది తెలిసి కూడా నేను మర్నాడు మైలాపూరు పోయాను. మా బంధువుల ఇంట్లో షష్టిపూర్తి. ఇద్దరి తరఫునా ఎప్పటిలాగే నేనే. రెండు పళ్ళేలు పట్టుకుని కపాలి గుడి వెనక వీధిలో చోటు దొరక్క నిలబడి భోంచేస్తున్న వేళకి, ఇక్కడ వీళ్ళు ముహూర్తం చూసి, మేస్త్రీని పిలిచి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, గొట్టాన్ని పెకలించి ఎర్ర గీత మీద పాతారు. గుమ్మడికాయ కూడా కొట్టారట, దిష్టి తగలకుండా. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున సత్యభామ ఫోన్ చేసింది. పెరియపాళయం దాటాక ఒక పల్లెలో సేద్యం చేస్తుంది. మొగుడికి ఆవడిలో ఉద్యోగం, పొలమంతా ఆమె చూసుకుంటుంది. వేరుశెనగ వేసింది. శేషాద్రి అమ్మిన పెట్టె, నేను బిగించిన పెట్టె.

"మేడమ్, మీ ట్రాక్టరు నా శెనక్కాయ చెట్లన్నీ పెరికేస్తా ఉండాది!"

మొదట ఆమె ఏడుస్తోందో అరుస్తోందో తెలియలేదు. నేను పోయేసరికి ట్రాక్టరు ఆపేసి ఉంది. అర ఎకరం మేర వరసలు వరసలుగా మొక్కలు లేచిపోయి వేళ్ళు పైకి పెట్టుకుని పడున్నాయి. అప్పుడే పూత మొదలైంది, పసుప్పచ్చ పూలతో సహా వాడిపోయున్నాయి. కలుపు మాత్రం నిక్షేపంగా ఉంది. వరసల మధ్యలో తీయాల్సిన కలుపుని వదిలేసి, సరిగ్గా వరసల మీద పడి దున్నుకుపోయింది. డ్రైవరు ఫోను చూసుకుంటూ ఉన్నాడు, స్టీరింగు పెట్టె చూసుకుంటుందని. ఆమె గట్టు మీది నుంచి కేకలు వేస్తే తప్ప వాడు తల ఎత్తలేదు.

ట్రాక్టరు మీది యాంటెన్నా చూశాను, బిగుతుగానే ఉంది. పెట్టె చూశాను, సరిగానే ఉంది. పాత గీతకీ కొత్త గీతకీ మధ్య టేపు పెట్టాను. తూర్పుకి అడుగున్నర.

టేపు నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఇక ఎవరినీ అడగక్కర్లేదు. మొక్కల వరసకీ వరసకీ మధ్య ఒక అడుగు. సరిగ్గా ఒక అడుగు జరిపుంటే కలుపు తీసే గుంటక పళ్ళు పక్క సందులో పడేవి, ఎవరికీ తెలిసేది కూడా కాదు. రెండడుగులు జరిపినా అంతే. మా వాళ్ళు వెతికి వెతికి అడుగున్నర జరిపారు.

"విత్తేటప్పుడు ఇదే పెట్టె. ఇప్పుడూ ఇదే పెట్టె. మధ్యలో ఏం మారింది మేడమ్?" అంది సత్యభామ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మా ఇద్దరు తమ్ముళ్ళకీ ఆకాశం సమానంగా రావాలని నీ చేను దున్నేశామమ్మా అని ఎలా చెప్పను?

"తప్పు మాదే. మళ్ళీ విత్తిస్తా. నేనే వచ్చి నిలబడి విత్తిస్తా" అన్నాను. ఆ మాట తర్వాత నిలబెట్టుకున్నాను కూడా, మా తమ్ముళ్ళ సాయం లేకుండానే.

షెడ్డుకి వచ్చి గోడకి ఇటొకణ్ణీ అటొకణ్ణీ నిలబెట్టి అడిగాను. శేషాద్రి, "నా సైడులో ఉన్నప్పుడు ఒక్క కంప్లైంటు వచ్చిందా? వాడే జరిపించినాడు" అన్నాడు. ధనుంజయ, "హద్దు ప్రకారం పెట్టినాం అక్కా, అందులో తప్పేముండాది? శాటిలైటు ప్రాబ్లమ్ అయ్యుంటాది" అన్నాడు. పొలమే జరిగుంటుంది అనలేదు, అదొక్కటే తక్కువ. చివరికి ఇద్దరూ కలిసి, "నువ్వు ఆ రోజు మైలాపూరు పోకుండా ఈడ్నే ఉండుంటే ఇట్లయ్యేదా?" అన్నారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే. సత్యభామకి ఏం చేద్దాం అంటే శేషాద్రి బాగా ఆలోచించి, "కొత్త క్యాలెండరు ఒకటి పంపిద్దాం, స్వీటు బాక్సుతో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. చెయ్యి మాత్రం దురద పెట్టింది.

ఆ మధ్యాహ్నమంతా మిద్దె మీద ఎండలో కూర్చుని యాంటెన్నా కొత్త చోటుని లెక్కగట్టి రెండు వైపుల పెట్టెల్లోనూ రాశాను. దాంతో ట్రాక్టర్లన్నీ తిరిగి తమ గీతల్లోకి వచ్చాయి. మిగతా రైతులు ఆ మూడు రోజులూ కొత్త దుక్కులు దున్నుతూ ఉండటం వాళ్ళ అదృష్టం. పని ముగించుకుని దిగేసరికి మామ కుర్చీలో కూర్చుని కొత్త తీర్పు చెబుతున్నాడు.

"ఇలా చేద్దాం. ఆర్నెల్లు శేషాద్రి వైపు, ఆర్నెల్లు ధనుంజయ వైపు. మార్చుకుంటూ ఉండండి."

ఇద్దరూ తలలూపుతున్నారు. అక్కడ నాకు ఓపిక చచ్చింది. వీళ్ళ చేతుల్లో ఉంటే ఆ గొట్టం ఏటా రెండుసార్లు తీర్థయాత్ర చేస్తుంది, వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరి చేను పోతుంది.

"ఇట్ల కుదరదు. యాంటెన్నా, గొట్టం, మిద్దె మీద మెట్లెక్కంగానే ఉండే ఆ రూము నా పేరున రాయండి. నా బల్ల పైకి ఎక్కించుకుంటా. సిగ్నల్ ఇద్దరికీ ఎప్పటిమాదిరే వస్తాది, దాన్ని ఎవరూ ముట్టుకోగూడదు. మీరడిగిన సైను పెట్టేస్తా" అన్నాను.

గంటసేపు వాదిస్తారనుకున్నాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. శేషాద్రి సరే అన్నాడు, ధనుంజయ సరే అన్నాడు, మామ శభాష్ అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు చాలా సంతోషం వేసింది. మిద్దె మీది ఆ గది చిన్నదే గానీ రెండు కిటికీలున్నాయి. ఒకదాంట్లోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. బాత్‌రూము వాసన ఉండదు. ఎవరూ నన్ను లేపి అటు జరుగు ఇటు జరుగు అనరు. బల్ల ఏ వైపు వేసుకోవాలి, వెలుతురు ఎటునుంచి రావాలి అని రెండు రోజులు మనసులోనే సర్దుకున్నాను. నాయన వ్యాపారంలో మూడో వంతు వదిలేసి పెంకుల గదికి పొంగిపోతున్నానని నాకూ తెలుసు. అయినా పొంగిపోయాను. తమ్ముళ్ళు అంత త్వరగా ఒప్పుకున్నారంటే ఎక్కడో ఒక మూల అక్క కష్టం కనిపించే ఉంటుందని కూడా అనుకున్నాను. అదీ నా తెలివి.

రిజిస్ట్రారు ఆఫీసులో బెంచీ మీద వరసగా కూర్చున్నాం. అటు చివర శేషాద్రి, ఇటు చివర ధనుంజయ, మధ్యలో నేనూ మామా. డాక్యుమెంట్ రైటరు తమిళంలో పత్రం గడగడా చదువుతున్నాడు. పడమటి భాగం ఒకరికి, తూర్పు భాగం ఒకరికి, మిద్దె మీది గదీ యాంటెన్నా అక్క అలమేలుకి. ఆ మాట దగ్గర ధనుంజయకి అనుమానం వచ్చింది. నా మీదుగా ముందుకి వంగి, రెండేళ్ళలో మొట్టమొదటిసారి వాళ్ళన్నతో నేరుగా మాట్లాడాడు.

"అన్నా, అంతా బాగుండాది. అయితే యాంటెన్నా అక్కకి రాసేస్తే రేపు ఏమన్నా ప్రాబ్లమ్ వస్తాదా?"

శేషాద్రి కూడా నా మీదుగా వంగాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

"ఏం ప్రాబ్లమ్‌రా? నా దగ్గరుంటే నీకు భయం, నీ దగ్గరుంటే నాకు భయం. అక్క దగ్గరుంటే ఎవరి దగ్గరా లేనట్టే గదా!"

"అవును గదా! నాకు తట్టనే లేదు చూడు" అన్నాడు ధనుంజయ. హాయిగా నవ్వాడు. శేషాద్రి కూడా నవ్వాడు. నా ఒళ్ళోనే అన్నట్టు ఇద్దరి తలలూ ఎదురెదురుగా పెట్టుకుని నవ్వుకున్నారు. మామ కళ్ళు తుడుచుకుంటూ, "చూశావుటమ్మా, అన్నదమ్ములు మాట్లాడుకున్నారు!" అన్నాడు.

వాళ్ళు కుళ్ళుతో అనలేదు. కుళ్ళుతో అనుంటే తిట్టి ఊరుకునేదాన్ని. ఉన్న మాట చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు. నేను మధ్యలో కూర్చునుండగా, నా చీర కొంగు వాళ్ళ మోచేతుల కింద నలుగుతుండగా. వాళ్ళ దృష్టిలో ఆ గది నాకు ఇవ్వడం లేదు, ఎవరికీ ఇవ్వకుండా ఉంటున్నారు. ఇరవై ఏళ్ళ చాకిరీకి అంతకుముందు ఎప్పుడూ ఏడవని నాకు అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు వాళ్ళకి చూపించడం ఇష్టం లేక సీలింగు ఫ్యాను వైపు చూశాను. నీళ్ళు ఆరాక కోపం మిగిలింది. చక్కటి, చల్లటి కోపం.

నా పేరు పిలిచారు. కెమెరా ముందు కూర్చోబెట్టారు. అధికారి తలెత్తకుండానే తమిళంలో అడిగాడు, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి ఇష్టంతోనే హక్కు వదులుకుంటున్నారా అని. అడిగినవాడికి అది రోజుకి వంద సార్లు అడిగే ప్రశ్న. నా ఇష్టం ఏమిటని నన్ను అడిగిన మొదటి మనిషి మాత్రం అతనే.

"లేదు" అన్నాను.

అతను తలెత్తాడు. నేను పెన్ను మూత బిగించి పత్రం మీద పెట్టి కుర్చీలోంచి లేచాను. వెనక బెంచీ మీద ముగ్గురూ ఒకేసారి లేచారు.

"ఏందక్కా, ఏమైంది?" అన్నాడు శేషాద్రి. "రూము ఇస్తా ఉండాం గదా! యాంటెన్నా ఇస్తా ఉండాం గదా!"

"అయ్యో అక్కా, బ్యాంకోళ్ళకి ఈ వారంలో డాక్యుమెంటు చూపించాల. నువ్వు సైను పెట్టకపోతే ఏదీ జరగదక్కా! ఇద్దరి పనీ నిల్చిపోతాది!" అన్నాడు ధనుంజయ.

"అమ్మాయ్, ఆలోచించుకో" అన్నాడు మామ.

నేను ఇద్దరి ముఖాలూ చూశాను. ఒకటి కాస్త గుండ్రం, ఒకటి కాస్త కోల. వెర్రితనం మాత్రం రెండింటిలోనూ సమానంగా ఉంది. దాన్ని పంచడానికి ఏ మామా అక్కర్లేకపోయింది.

"నా దగ్గరుంటే ఎవరి దగ్గరా లేనట్టే అంటిరి గదా. ఎవరూ కానిదాని సైను మీకెందుకురా?"

రైటరు పత్రం మడతపెట్టాలో వద్దో తెలీక పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు ధనుంజయ, "నీకు ఏం గావాలో చెప్పక్కా."

"మూడో వాటా," అన్నాను. "పొయ్యి సర్వేయర్ని పిల్చుకోని రాండి."